కోర్టుకెళ్లే ముందు ఈఈఓసీ గడప తొక్కాల్సిందేనా?

ఆల్ఫారెట్టా_అబ్బాయి
అట్లాంటా దగ్గర ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నా. హెచ్‌-1బీ, ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నా. నిరుడు మేనేజర్ మారాడు, అప్పట్నుంచీ మొదలైంది గోల. క్లయింట్ కాల్స్‌లో నన్ను నోరెత్తనివ్వడు, "నీ యాస వాళ్లకు అర్థం కాదు" అని టీమ్ అందరి ముందూ అంటాడు. మార్చిలో లీడ్ పొజిషన్ నేను ట్రైనింగ్ ఇచ్చిన కుర్రాడికి ఇచ్చారు. జూన్‌లో హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో కంప్లైంట్ పెట్టా. "ఇన్వెస్టిగేషన్ నడుస్తోంది" అని రెండు ముక్కల జవాబు, అంతే. ఆగస్టులో నన్ను, పని మెరుగుపరుచుకోమని గడువు పెట్టే పిప్‌లో పెట్టారు, అంతకుముందు ఏడాది రేటింగ్ బాగానే ఉంది మరి.

మొన్న ఒక లాయర్‌తో ఫోన్‌లో మాట్లాడితే ఆయన మొదటి ప్రశ్న, ఈఈఓసీలో (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ ఆఫీసు) ఛార్జ్, అంటే లిఖితపూర్వక ఫిర్యాదు, వేశావా అని. వేయకుండా దావా వేస్తే నష్టపరిహారం దాకా వెళ్లకుండానే కేసు కొట్టేస్తారట. అన్యాయం జరిగింది నాకు, జడ్జి ఉన్నాడు, కోర్టు ఉంది, మధ్యలో ఈ ఆఫీసు ఎందుకు? ఇదంతా కంపెనీలు తప్పించుకోడానికి పెట్టిన అడ్డంకి కాదా? ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

గోంగూర_డల్లాస్
మార్చి అన్నారు. ఇప్పుడు అక్టోబర్. లాయర్ 180 రోజుల సంగతి చెప్పలేదా?

ఆల్ఫారెట్టా_అబ్బాయి
చెప్పాడు. కానీ నెట్‌లో వెతికితే 300 రోజులు అని కూడా ఉంది. ఏది నిజం?

నల్లకోటు
రెండూ నిజమే, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదాన్ని బట్టి. నేను ఎంప్లాయ్‌మెంట్ లా ఆఫీసులో పని చేస్తాను కానీ లాయర్ని కాను, కాబట్టి ఇది తెలిసిన విషయం చెప్పడమే తప్ప సలహా కాదు.

ఉద్యోగ వివక్ష మీద ప్రధానమైన చట్టం 1964 నాటి సివిల్ రైట్స్ యాక్ట్‌లోని టైటిల్ 7. దాని కింద దావా వేయాలంటే ముందు ఈఈఓసీలో ఛార్జ్ వేయాలి. మామూలుగా గడువు 180 రోజులు. రాష్ట్రానికి సొంతంగా ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఏజెన్సీ ఉంటే అది 300 అవుతుంది. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇలినాయ్ అన్నీ 300 బాపతు. జార్జియాలో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి ఏజెన్సీ లేదు, కాబట్టి మీకు 180 మాత్రమే.

మార్చిలో పోయిన ప్రమోషన్‌కు టైటిల్ 7 తలుపు మూసుకుపోయినట్టే. ఆగస్టు పిప్‌కు ఇంకా గడువుంది. హెచ్‌ఆర్‌కు కంప్లైంట్ ఇచ్చాక పిప్ వచ్చింది కాబట్టి అది రిటాలియేషన్ (ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధింపు) అని వేరే పాయింట్ కూడా అవుతుంది. ఛార్జ్ వేశాక ఈఈఓసీ "రైట్ టు స్యూ" అనే, ఇక కోర్టుకు వెళ్లొచ్చన్న నోటీసు ఇస్తుంది. అది చేతికందిన రోజు నుంచి 90 రోజుల్లో కోర్టులో దావా పడాలి. ఆలస్యమైతే మళ్లీ మొదటికి రావడం కూడా ఉండదు, అంతే సంగతులు.

ఆల్ఫారెట్టా_అబ్బాయి
అదేంటి, జూన్‌లో హెచ్‌ఆర్‌కు కంప్లైంట్ ఇచ్చాను కదా. వాళ్ల ఇన్వెస్టిగేషన్ అయ్యేదాకా గడువు ఆగాలి కదా?

నల్లకోటు
ఆగదు. కంపెనీ లోపల గ్రీవెన్స్ నడుస్తోంది కాబట్టి గడువు ఆపండి అన్న వాదనను సుప్రీంకోర్టు 1976లోనే తోసిపుచ్చింది. హెచ్‌ఆర్ "ఓపిక పట్టండి" అంటూ ఉంటుంది, రోజులు మాత్రం మీ ఖాతాలో పోతుంటాయి.

ప్లానో_పెద్దాయన
ఒక్కమాట. అలాగని హెచ్‌ఆర్ కంప్లైంట్ దండగ అనుకోకండి. సూపర్‌వైజర్ వేధింపుల కేసుల్లో "మా దగ్గర ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంది, ఈయన వాడుకోలేదు" అని కంపెనీ తప్పించుకోవచ్చు, 1998 తీర్పుల నుంచీ ఉంది అది. కాబట్టి హెచ్‌ఆర్‌కూ ఇవ్వాలి, ఈఈఓసీకీ ఇవ్వాలి. ఒకటి ఇచ్చాం కదా అని రెండోది మానేస్తేనే దెబ్బ.

చింతకాయ_పచ్చడి
ఎందుకీ అడ్డంకి అన్న ఆయన అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ప్లానో_పెద్దాయన
చెప్తా. 1964లో ఆ చట్టం పాస్ అవ్వడానికి సెనేట్‌లో పెద్ద యుద్ధమే జరిగింది. రాజీలో భాగంగా ఈఈఓసీకి పళ్లు పీకేసి పెట్టారు. దావా వేసే అధికారం లేదు, రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించడమే దాని పని. 1972లో గానీ సొంతంగా దావా వేసే అధికారం రాలేదు. "ముందు మాట్లాడుకోండి, కుదరకపోతే కోర్టు" అన్న ఆ పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంకో సంగతి, 1991 దాకా టైటిల్ 7 కింద మనోవేదనకు డబ్బులు అన్న మాటే లేదు, పోయిన జీతం ఇప్పించడం, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమనడం వరకే. నష్టపరిహారం, జ్యూరీ అన్నీ 1991 సవరణతో వచ్చినవే.

మన దగ్గర లేదా ఇలాంటిది? ప్రభుత్వం మీద సివిల్ దావా వేయాలంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. నేను గుంటూరులో ప్రాక్టీసు చేసిన రోజుల్లో ఆ నోటీసు లేదనే సాకుతో దావాలు వెనక్కొచ్చేవి. ప్రతి దేశంలోనూ సర్కారు ఒక గుమ్మం పెట్టుకుంటుంది.

కుక్కర్_విజిల్
పెద్దాయన గుంటూరు లాయర్ అని ఇన్నాళ్లూ చెప్పలేదు చూశారా. రియల్ ఎస్టేట్ థ్రెడ్‌లో ఎంత అమాయకంగా డౌట్లు అడిగారో.

ప్లానో_పెద్దాయన
అక్కడ లాయర్నని చెప్తే ఫ్రీగా డాక్యుమెంట్లు చూడమంటారు నాయనా.

బే_ఏరియా_బాబీ
ఆల్ఫారెట్టా బ్రో, దారుణమైన రాష్ట్రంలో ఇరుక్కున్నావు. మా కాలిఫోర్నియాలో స్టేట్ ఏజెన్సీకి (సీఆర్‌డీ) ఫిర్యాదు చేయడానికి 3 ఏళ్లు గడువు, 2020 నుంచి. ఆన్‌లైన్‌లో ఫారం నింపి "వెంటనే రైట్ టు స్యూ ఇవ్వండి" అని ఎంచుకుంటే విచారణ లేకుండానే లెటర్ ఇచ్చేస్తారు. అక్కడి నుంచి ఏడాదిలో దావా వేసుకోవచ్చు. స్టేట్ చట్టం కింద నష్టపరిహారానికి సీలింగ్ కూడా లేదు. నా ఫ్రెండ్ ఒకడు లాయర్ ఆఫీసులో కాఫీ తాగుతుండగానే లెటర్ వచ్చింది.

గోంగూర_డల్లాస్
అన్నీ కాలిఫోర్నియాలోనే బాగుంటాయి, ఇంటి రేటు తప్ప.

నల్లకోటు
బాబీ గారు చెప్పింది కరెక్టే, ఒక్కటి కలపాలి. ఆ లెటర్ స్టేట్ చట్టం వరకే. ఫెడరల్ కేసు కూడా కావాలంటే ఈఈఓసీ నోటీసు విడిగా తీసుకోవాలి.

డల్లాస్_డిబగ్గర్
టెక్సస్ వాళ్ల కోసం చెప్తున్నా. ఫెడరల్‌కు 300 రోజులు అని నిశ్చింతగా కూర్చోకండి. స్టేట్ చట్టం కింద వెళ్లాలంటే చాలావరకు 180 రోజులే. స్టేట్ ఏజెన్సీ నోటీసు వచ్చాక 60 రోజుల్లోనే దావా, అది కూడా ఛార్జ్ వేసిన రెండేళ్ల లోపు పడాలి. నా కొలీగ్ 200 రోజులు దాటాక వేశాడు, ఫెడరల్ నిలబడింది, స్టేట్ ఎగిరిపోయింది.

ఎడిసన్_ఇడ్లీ
న్యూజెర్సీలో స్టేట్ చట్టం కింద అయితే ఏ ఆఫీసు గడపా తొక్కక్కర్లేదు. రెండేళ్ల లోపు సుపీరియర్ కోర్టుకు నేరుగా వెళ్లొచ్చు. ఇండియన్ స్ట్రీటే కాదు, చట్టం కూడా మనకు అనుకూలమే.

చేదుకాకర
మీరందరూ పుస్తకం చదువుతున్నారు. నిజం నేను చెప్తాను. ఈఈఓసీ ఏమీ చేయదు. నేను వేశాను కొన్నేళ్ల క్రితం. నెలల తరబడి పోర్టల్‌లో ఒకే స్టేటస్ చూపించింది. చివరికి ఒక పేజీ లెటర్, "మేము ఏమీ తేల్చలేదు, 90 రోజుల్లో దావా వేసుకోవచ్చు" అని. అంతకు తోడు 2025 ఫిబ్రవరిలో ఈఈఓసీయే ప్రకటించింది, అమెరికన్ వర్కర్ల మీద వివక్ష చూపే కంపెనీల సంగతి చూస్తామని. అంటే వీసా మీదున్నవాళ్లను ఎక్కువ తీసుకుంటున్నారని కంపెనీల మీద పడతారు. అలాంటి ఆఫీసుకు వెళ్లి మన యాస మీద ఫిర్యాదు చేయాలా? ఆల్ఫారెట్టా గారూ, టైం వేస్ట్. ఇంకో ఉద్యోగం చూసుకుని బయటపడండి.

ఖమ్మం_కృష్ణవేణి
చేదుకాకర గారూ, మీకు వచ్చిందే కావాల్సింది. ఆ ఒక పేజీ లెటర్ కోసమే ఛార్జ్ వేసేది. ఈఈఓసీ మనకు న్యాయం చేస్తుందని కాదు, అది లేకపోతే కోర్టు వినదు కాబట్టి. చాలావరకు ఛార్జ్‌లను వాళ్లు ఏదీ తేల్చకుండానే మూసేస్తారు. దానర్థం కేసు బలహీనం అని కాదు. వాళ్లు తేల్చకపోయినా జ్యూరీ తేల్చొచ్చు.

నా సంగతి చెప్తాను. ప్రెగ్నెన్సీ చెప్పాక నా ప్రాజెక్టు తీసేశారు. ఛార్జ్ వేస్తే మీడియేషన్‌కు పిలిచారు. కంపెనీ తరఫున లాయర్ వచ్చాడు, మధ్యవర్తి రెండు గదుల మధ్య తిరిగాడు. కొంత డబ్బు, మంచి రిఫరెన్స్ లెటర్ ఇచ్చి సెటిల్ చేశారు. కోర్టు మొహం చూడలేదు. నాకు దక్కింది తక్కువే అంటారు మా ఆయన, కానీ నిద్ర పట్టింది.

చేదుకాకర
మీకు అదృష్టం కలిసొచ్చింది.

ఖమ్మం_కృష్ణవేణి
అదృష్టం కాదండీ, మెయిల్స్ అన్నీ తేదీలతో ప్రింట్ తీసి ఫైల్ కట్టి పెట్టుకున్నాను. మా నాన్నగారు తహసీల్దారు ఆఫీసులో చేశారు, ఫైల్ విలువ మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

గోంగూర_డల్లాస్
అయితే ఆఫీసు మెయిల్స్ సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోమంటారా?

నల్లకోటు
వద్దు. కంపెనీ డేటా బయటికి పంపాడని దాన్నే సాకుగా చూపి ఉద్యోగం తీసేస్తారు. ఎప్పుడు, ఎవరు, ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నది ఇంట్లో మీ నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకోండి. రేటింగ్‌లు, పిప్ కాగితం లాంటివి మీకే ఇచ్చినవి, అవి దాచుకోండి. మిగతావి దావా పడ్డాక డిస్కవరీలో (రెండు పక్షాలూ సాక్ష్యాలు ఇచ్చిపుచ్చుకునే దశ) కంపెనీయే ఇవ్వాల్సి వస్తుంది.

షుగర్‌ల్యాండ్_సుబ్బు
మా హ్యూస్టన్ పక్కన ఫోర్ట్ బెండ్ కౌంటీలో జరిగిన కేసు తెలుసా? సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019 తీర్పు. కౌంటీ ఐటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన డేవిస్ అనే ఆవిడ. లైంగిక వేధింపులు, రిటాలియేషన్ మీద ఛార్జ్ వేసింది. తర్వాత ఆదివారం డ్యూటీకి రమ్మంటే చర్చిలో పనుందని వెళ్లలేదు, ఉద్యోగం తీసేశారు. అప్పుడు ఇన్‌టేక్ ఫారంలో "మతం" అని చేత్తో రాసింది గానీ అసలు ఛార్జ్‌ను మార్చలేదు. కేసు ఏళ్ల తరబడి నడిచాక కౌంటీ "మతం గురించి ఛార్జ్‌లో లేదు, కోర్టుకు ఈ కేసు వినే అధికారమే లేదు" అని లేచింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, ఛార్జ్ వేయడం తప్పనిసరే, కానీ అది లేకపోతే కోర్టు అధికారమే పోతుందని కాదు, ఆ అభ్యంతరం ఏదో మొదట్లోనే లేవనెత్తాలి, ఏళ్లు గడిచాక కాదు అని.

బే_ఏరియా_బాబీ
అంటే ఛార్జ్ వేయకపోయినా నడుస్తుందన్నమాట. కంపెనీ గమనించకపోతే చాలు.

షుగర్‌ల్యాండ్_సుబ్బు
అబ్బా, అలా చదివావా? కంపెనీ లాయర్ గంటకు వందల డాలర్లు తీసుకుని చూసే మొదటి కాగితమే ఆ ఛార్జ్ బాబూ. ఫోర్ట్ బెండ్ కౌంటీ మర్చిపోయిందని ప్రతి కంపెనీ మర్చిపోదు. ఆ కేసులో నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఛార్జ్‌లో రాయనిది కోర్టులో అడగడం కష్టం.

నల్లకోటు
సుబ్బు గారిది సరైన పాయింట్. కోర్టులు చూసేది ఏంటంటే, దావాలో అన్నది ఛార్జ్‌లో రాసినదానికి సహజంగా సంబంధించిందా లేదా. కాబట్టి ఆల్ఫారెట్టా గారి కేసులో నేషనల్ ఆరిజిన్ (ఏ దేశం నుంచి వచ్చామన్నది) ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. రేస్ (జాతి) కూడా, రిటాలియేషన్ కూడా. యాస మాట, ప్రమోషన్, హెచ్‌ఆర్ కంప్లైంట్, పిప్ అన్నీ తేదీలతో రాయాలి. గడువు దాటిపోయిన ప్రమోషన్ కూడా రాయాలి, దాని మీద విడిగా డబ్బు రాకపోయినా మేనేజర్ ఉద్దేశానికి సాక్ష్యంగా పనికొస్తుంది. నెలల తరబడి సాగిన వేధింపు వాతావరణం అయితే లెక్క వేరు, అందులో ఒక్క సంఘటన గడువు లోపల ఉన్నా మొత్తం కలిపి చూస్తారు, 2002 తీర్పు. ప్రమోషన్ ఇవ్వకపోవడం, తీసేయడం లాంటివి మాత్రం దేనికది విడి, దేని గడువు దానిదే.

ఇంకో చిక్కు. పోర్టల్‌లో మొదట పెట్టేది "ఎంక్వైరీ" మాత్రమే. దాన్ని చూసి ఛార్జ్ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్లు తయారుచేసిన కాగితం మీద మీరు సంతకం పెడితేనే ఛార్జ్. ఇంటర్వ్యూ తేదీ దూరంగా దొరుకుతుంది, గడువు దగ్గర పడితే ఆ సంగతి పోర్టల్‌లో చెప్పాలి.

వరంగల్_వాడు
యాస మీద కేసు నిలబడుతుందా అసలు? నా క్లయింట్‌కు నిజంగానే నా మాట సగం అర్థం కాదు, నాకు క్లయింట్ మాట సగం అర్థం కాదు, ప్రాజెక్టు మాత్రం నడుస్తోంది.

నల్లకోటు
మాట అర్థంకాక నిజంగా పని దెబ్బతింటే యజమాని దాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు. మేనేజర్‌కు నచ్చకపోవడం కారణం కాదు. ఇన్నేళ్లుగా అదే క్లయింట్‌తో మాట్లాడి మంచి రేటింగ్ తెచ్చుకున్నాడంటే కంపెనీకి ఆ వాదన కష్టం.

ఆల్ఫారెట్టా_అబ్బాయి
మార్చి ప్రమోషన్‌కు ఇక ఏ దారీ లేదా? అదే నాకు అసలు దెబ్బ.

ప్లానో_పెద్దాయన
ఉంది. సెక్షన్ 1981 అని ఒకటుంది. అంతర్యుద్ధం అయ్యాక 1866లో, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు తెల్లవాళ్లతో సమానంగా కాంట్రాక్టు హక్కులు ఇవ్వడానికి చేసిన చట్టం. ఉద్యోగం కూడా కాంట్రాక్టే. దానికి ఈఈఓసీ ఛార్జ్ అవసరం లేదు, ఇలాంటి కేసుల్లో నాలుగేళ్లు టైం, నష్టపరిహారానికి సీలింగ్ లేదు, కంపెనీలో ఎంతమంది ఉన్నా ఫర్వాలేదు. టైటిల్ 7కు అయితే కనీసం 15 మంది ఉండాలి. సీలింగ్ కూడా ఉంది, 500 మంది దాటిన కంపెనీకైనా మనోవేదన, శిక్షగా వేసే సొమ్ము రెండూ కలిపి 3,00,000 డాలర్లు మించదు, 100 మంది లోపు కంపెనీ అయితే 50,000. పోయిన జీతం ఈ లెక్కలోకి రాదు.

చింతకాయ_పచ్చడి
మరి అందరూ అదే వేయొచ్చు కదా, ఈ ఈఈఓసీ గోల ఎందుకు?

ప్లానో_పెద్దాయన
ఎందుకంటే అది జాతికి సంబంధించింది. ఆడ మగ తేడా, మతం, వయసు దాని కిందికి రావు. ఏ దేశం వాడివన్న ఒక్క కారణం మీద అయినా రాదు. వంశం, పూర్వీకులు, జాతి లక్షణాలు అయితే వస్తాయని 1987లో ఇరాక్‌లో పుట్టిన ఒక ప్రొఫెసర్ కేసులో చెప్పారు. కాబట్టి "ఇండియా నుంచి వచ్చాడు కాబట్టి" అన్నదాన్ని "ఈ జాతివాడు కాబట్టి" అని చూపించాలి. పైగా 2020 తీర్పు తర్వాత జాతి లేకపోతే ఈ నష్టం జరిగేదే కాదు అని నిరూపించాలి, అది టైటిల్ 7 కంటే గట్టి పరీక్ష. అందుకే మంచి లాయర్లు రెండూ కలిపి వేస్తారు.

కుక్కర్_విజిల్
1866 చట్టం 2020 తీర్పుతో టైట్ అయింది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్స్ కూడా ఇలాగే.

దేశీ_కన్సల్టెన్సీ_బాధితుడు
నాది వేరే. పదిమంది కూడా లేని మనవాళ్ల కన్సల్టెన్సీ. ఓనరు వేరే రాష్ట్రంవాడు, వాళ్ల భాషవాళ్లకు ముందు ప్రాజెక్టులు, మాకు బెంచ్ (ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చోవడం). బెంచ్‌లో జీతం కూడా ఇవ్వడు. 15 మంది లేరు కాబట్టి ఏమీ చేయలేనా?

నల్లకోటు
రెండు వేర్వేరు విషయాలు. బెంచ్ జీతం వివక్ష కేసు కాదు, హెచ్‌-1బీ రూల్ ఉల్లంఘన. లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్‌లో డబ్ల్యూహెచ్‌-4 ఫారం, 12 నెలల లోపు వేయాలి. దానికి ఈఈఓసీతో సంబంధం లేదు.

4 నుంచి 14 మంది ఉన్న కంపెనీలో నేషనల్ ఆరిజిన్ వివక్షకు జస్టిస్ డిపార్ట్‌మెంట్‌లో ఐఈఆర్ అనే విభాగం ఉంది, 180 రోజుల గడువు. అయితే అది ఉద్యోగంలోకి తీసుకోవడం, తీసేయడం వరకే, జీతం తేడా, ప్రాజెక్టుల కేటాయింపు దానిలోకి రావు.

తణుకు_తమ్ముడు
భాష సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, మన మన మధ్య కులం మీద వివక్షకు ఏ డబ్బా టిక్ చేయాలి?

బే_ఏరియా_బాబీ
సిస్కో కేసు. 2020లో కాలిఫోర్నియా ఏజెన్సీయే దావా వేసింది, ఒక దళిత ఇంజనీర్ తరఫున. ఆయన ముందు ఆ ఏజెన్సీకి ఫిర్యాదు చేశాడు, అంటే ఇక్కడ చెప్తున్న దారే. ఆయన పైనున్న ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును 2023 ఏప్రిల్‌లో ఏజెన్సీ వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద ఉంచింది. ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బదులు ప్రైవేటు తీర్పరి దగ్గరికి) వెళ్దామని కంపెనీ అడిగితే, ఏజెన్సీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి దాన్ని కట్టేయలేరని అప్పీల్ కోర్టు చెప్పింది. సియాటెల్ 2023లో కులాన్ని పేరుపెట్టి నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు పాసైతే గవర్నర్ వీటో చేశాడు, పాత చట్టంలోనే ఉంది కదా అని.

తణుకు_తమ్ముడు
అంటే లేదనా, ఉందనా?

బే_ఏరియా_బాబీ
వంశం, పూర్వీకులు అన్న మాటల కింద ఉందని వాళ్ల వాదన.

గోదారి_గట్టు
ఇక్కడికొచ్చి కూడా కులమే

మోడరేటర్_మామ
ఈ దారి ఎటు పోతుందో నాకు తెలుసు. కులం మీద చర్చకు పాత థ్రెడ్ ఉంది, అక్కడ 40 పేజీలు కొట్టుకున్నారు, 41వ పేజీ ఖాళీగానే ఉంది. ఇక్కడ ఛార్జ్, గడువు, నష్టపరిహారం మాత్రమే.

ఆల్ఫారెట్టా_అబ్బాయి
బాబీ బ్రో ఆర్బిట్రేషన్ అన్నాడు కాబట్టి గుర్తొచ్చింది, నా ఆఫర్ లెటర్‌లోనూ ఆ క్లాజ్ ఉంది. మరి ఛార్జ్ వేయొచ్చా?

నల్లకోటు
వేయొచ్చు. మీ సొంత దావా ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్తుంది, ఛార్జ్ వేసే హక్కు మాత్రం పోదు. మీరు కుదుర్చుకున్న ఆర్బిట్రేషన్ ఈఈఓసీ చేతులు కట్టేయదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్బిట్రేషన్ అయినా గడువులు పట్టించుకోవాల్సిందే.

పిప్_పెళ్లికొడుకు
ఎవ్వరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. వీసా సంగతేంటి? ఛార్జ్ వేస్తే తీసేస్తారు, తీసేస్తే 60 రోజులు, 60 రోజుల్లో ఉద్యోగం దొరక్కపోతే ఫ్లైట్ ఎక్కాలి. పిల్లలు స్కూల్లో, ఇల్లు లోన్‌లో. మీరంతా సిటిజన్లు అయ్యాక ధైర్యం చెప్తున్నారు.

చేదుకాకర
ఇదే నేను మొదటి నుంచీ అంటున్నది.

ఖమ్మం_కృష్ణవేణి
నేను వేసినప్పుడు హెచ్‌4 ఈఏడీ (హెచ్‌-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే పని అనుమతి) మీద ఉన్నాను, సిటిజన్‌ను కాను. ఛార్జ్ వేసినందుకు తీసేస్తే అదే ఇంకో కేసు. అయినా మీ భయం తప్పని అననండీ. చట్టం రిటాలియేషన్ చేయొద్దంటుంది, చేయకుండా ఆపలేదు. చేశాక డబ్బు ఇప్పిస్తుంది, అదీ ఏళ్లు పట్టి. 60 రోజుల గడియారం దానికోసం ఆగదు.

కానీ ఆయన ఇప్పటికే పిప్‌లో ఉన్నాడు కదా. పిప్ తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఛార్జ్ వేయకపోతే ఉద్యోగం ఉంటుందన్న గ్యారంటీ ఏముంది? ఉద్యోగం వెతుక్కుంటూనే ఛార్జ్ వేయొచ్చు, ఒకటి చేస్తే రెండోది మానాలని లేదు.

పిప్_పెళ్లికొడుకు
అది నిజమే.

అరవైలో_ఇరవై
సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) గురించి కూడా చెప్పండి. మమ్మల్ని లేఆఫ్ చేసినప్పుడు డబ్బు ఇస్తాం, "ఏ క్లెయిమూ వేయను" అని సంతకం పెట్టు అన్నారు. నాకు 40 దాటింది కాబట్టి వయసు వివక్ష హక్కు వదులుకోవాలంటే 21 రోజులు ఆలోచించుకునే టైం, సంతకం పెట్టాక 7 రోజుల్లో వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వాలట. ఒకేసారి చాలామందిని తీసేస్తే 45 రోజులు. హెచ్‌ఆర్ అమ్మాయి "శుక్రవారంలోగా పెట్టండి అంకుల్" అంది. అంకుల్ పెట్టలేదు.

వరంగల్_వాడు
అంకుల్ అన్నందుకే ఏజ్ డిస్క్రిమినేషన్ వేయాల్సింది.

నల్లకోటు
ఛార్జ్ వేసే హక్కును ఏ సెవరెన్సూ తీసేయలేదు. కానీ చెల్లుబాటయ్యే రిలీజ్ (క్లెయిములు వదులుకునే కాగితం) మీద సంతకం పెట్టాక డబ్బు మాత్రం రాదు. వయసు కేసులో ఇంకో తేడా, రైట్ టు స్యూ కోసం చూడక్కర్లేదు, ఛార్జ్ వేశాక 60 రోజులు ఆగి దావా వేయొచ్చు. ఆడ మగ జీతాల తేడాకు ఈక్వల్ పే యాక్ట్ కింద అయితే ఛార్జే అక్కర్లేదు.

లేఆఫ్ వాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది, గడువు లెక్క చివరి పనిరోజు నుంచి కాదు, తీసేస్తున్నాం అని చెప్పిన రోజు నుంచి. 1980లో డెలావేర్ స్టేట్ కాలేజీ కేసులో తేలింది. రెండు నెలల నోటీసుతో లేఆఫ్ చేస్తే ఆ రెండు నెలలూ మీ 180లోంచే పోయినట్టు.

డల్లాస్_డిబగ్గర్
ఇది చాలామందికి తెలియదు. పిన్ చేయండి మామా.

మోడరేటర్_మామ
చేశా.

ఆల్ఫారెట్టా_అబ్బాయి
పోర్టల్‌లో ఎంక్వైరీ పెట్టేశా, ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. లాయర్‌కు రేస్, నేషనల్ ఆరిజిన్, రిటాలియేషన్ మూడూ రాయమని చెప్పా, ఆయన కూడా 1981 గురించి అదే అన్నాడు. ఇంట్లో ఆవిడకు ఇంకా టెన్షనే, పక్కన ఇంటర్వ్యూలు కూడా మొదలుపెట్టా. ఒక డౌట్, కంపెనీకి ఎప్పుడు తెలుస్తుంది? ముందే నేనే మేనేజర్‌కు చెప్పాలా?

నల్లకోటు
ఛార్జ్ పడ్డాక 10 రోజుల్లో ఈఈఓసీయే కంపెనీకి నోటీసు పంపుతుంది. మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు, అడిగితే "లాయర్‌తో మాట్లాడండి" అనండి. తర్వాత కంపెనీ తన వాదన రాసి ఇస్తుంది, దాని కాపీ అడిగి తీసుకోండి. 180 రోజులు దాటినా ఏమీ తేలకపోతే రైట్ టు స్యూ ఇవ్వమని మీరే అడగొచ్చు. ఆ నోటీసు ఈ రోజుల్లో పోర్టల్‌లోనే పెడతారు, ఈమెయిల్ స్పామ్‌లో పడిందని 90 రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వారానికోసారి లాగిన్ అయి చూడండి.

చేదుకాకర
నా మాట వినలేదు. సరే, కంపెనీ ఏం రాసిందో వచ్చాక పెట్టండి, చూద్దాం.

నర్సమ్మ_నెల్లూరు
ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. మా వారు ఫెడరల్ గవర్నమెంట్ హాస్పిటల్లో ఫార్మసిస్టు, ఇలాంటి గొడవే, జరిగి నెల దాటింది. ఆయనకూ 180 రోజులేనా?

నల్లకోటు
కాదమ్మా! ఫెడరల్ ఉద్యోగులది పూర్తిగా వేరే దారి. జరిగిన 45 రోజుల్లోగా ఆయన ఏజెన్సీలోనే ఈఈఓ కౌన్సిలర్‌ను కలవాలి, అక్కడి నుంచే మొదలవుతుంది. నెల దాటిందంటున్నారు, రేపు పొద్దున్నే ఫోన్ చేయించండి, ఫోన్ తర్వాత మెయిల్ కూడా పెట్టమనండి, తేదీ రుజువు ఉండాలి.

నర్సమ్మ_నెల్లూరు
ఆయనకు ఇప్పుడే చూపించాను. థాంక్సండీ.